స్టిక్కరు కింది పేరు

కిందటి వారం యశోదను పెనుకొండలో, కుళ్ళాయమ్మ ఇంట్లో, ఫ్రిజ్ మీద ఒక చేయి వేసి నిలబడి ఉండగా విడిచి వచ్చాము. హిందూపురంలోని ‘సిరిసొంతం’ దుకాణం ఇళ్లకు ఫ్రిజ్‌లూ టీవీలూ నెల బాడుగకు ఇచ్చి, చివరి నెల దాకా కట్టినవాళ్లకు వాటిని సొంతం చేస్తానంటుంది. ఊరూరూ తిరిగి ఆ డబ్బు వసూలు చేసే ఉద్యోగం యశోదది. రెండు నెలలుగా కట్టలేకపోయిన కుళ్ళాయమ్మ ఇంటి నుంచి ఫ్రిజ్ ఎత్తుకు రమ్మని యజమాని నాగభూషణం ఆమెను టెంపోలో పంపించాడు. పూలు కట్టి అమ్ముకునే కుళ్ళాయమ్మ అడ్డం రాలేదు, ఏడవలేదు, బతిమాలలేదు. ఒక్క మాట మాత్రం అన్నది: "దాని మీద నా పేరుండాది పాపా. ఎట్ల ఎత్తుకపోతావు?"

ప్లగ్గు తీయగానే ఇల్లు మూగపోయింది.

అంతవరకూ ఆ ఒంటిగదిలో సన్నగా గుర్రుమనే శబ్దం ఒకటి ఉండేదని, అది ఆగిన తరువాతనే యశోదకు తెలిసింది. వాకిట్లో ఎండ. వీధి చివర కొండ. కొండ మీది పాత కోటగోడల మీద కూడా కదలని, మెదలని ఎండ. ఎక్కడా మనిషి మాట లేదు.

టెంపో నడిపే సునీల్ ఫ్రిజ్‌ను రెండు చేతులా పట్టి, నిద్రపోతున్న బిడ్డను పక్కకు ఒత్తిగిలించినంత నేర్పుగా గోడ నుంచి తిప్పాడు. దాని పక్క రేకు వెలుతురులోకి వచ్చింది. పైన దుకాణం వారి వెడల్పాటి పసుపుపచ్చ స్టిక్కరు, ‘ఈ వస్తువు సిరిసొంతం వారి ఆస్తి’ అని. దాని కిందనే, దాన్ని ఆనుకుని, చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు: కుళ్ళాయమ్మ, పెనుకొండ.

బిందె మీద ఉండవలసిన అక్షరాలు. పళ్లెం అంచున ఉండవలసిన అక్షరాలు. తెల్లని రేకు మీద అవి దారి తప్పి వచ్చినట్టున్నాయి.

"ఏమక్కా ఇది, చెంబు మీద కొట్టించినట్ల కొట్టించినావే" అన్నాడు సునీల్ నవ్వు ఆపుకుంటూ. "ఇంక కరెంటు మీటరు మీద కూడా కొట్టించు."

"నీ టెంపో మీద నీ పేరు లేదా ఏమప్పా?"

"ఎందుకు లేదు? ముందర అద్దం మీద ఇంత లావున రాయించినా. బండి మాత్రం ఫైనాన్సోళ్లది."

"వాళ్లొచ్చి అద్దంతో సహా తోలుకపోయిన పొద్దు తెలుస్తాది నీకు. అంతవరకూ గమ్మునుండు."

సునీల్ గమ్మునున్నాడు. కుళ్ళాయమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ఫ్రిజ్ తలుపు తీసి, లోపలి తడిగుడ్డల మూటలను ఒక్కొక్కటే బుట్టలోకి తీయసాగింది. మల్లెమొగ్గలు. కనకాంబరాలు. మరువం. ఆ పెట్టెలో తినే పదార్థం ఒక్కటీ లేదు. మజ్జిగ గిన్నె ఒకటి తప్ప, అడుగు అర నుంచి పై అర దాకా పూలే. చల్లని పరిమళం బయటికి వచ్చి, వాకిలి దాటి, ఎండలో కలిసిపోయింది.

"మా ఇండ్లల్లో పెండ్లి వచ్చిందంటే వీధి వీధంతా సామాన్లు ఇచ్చి పుచ్చుకుంటాం" అన్నది ఆమె, మూటలు తీస్తూనే. "పేరు లేని బిందె ఎవరింట్లోనో ఉండిపోతాది. పేరు కొట్టిందైతే పది ఇండ్లు తిరిగినా ఎవరో ఒకరు చూసి తెచ్చిస్తారు. గడప దాటి లోపలికొచ్చిన దేనికైనా మొదట పేరు కొట్టించల్ల, తర్వాతనే వాడల్ల. మాయవ్వ అట్లనే చేసె, మాయమ్మ అట్లనే చేసె. నేనూ అట్లనే చేస్తిని. దాంట్లో తప్పేముండాది?"

"ఇది బిందె కాదక్కా" అన్నది యశోద మెల్లగా. "ఇది బాడుగ సామాను. చివరి నెల కట్టేదాకా దుకాణమోళ్లదే. ఇచ్చేటప్పుడు చెప్పినాము కదా."

కుళ్ళాయమ్మ చేతులు ఆగాయి.

"చెప్పినావా? ఏమని చెప్పినావు? ఆ గడప మీదనే కూచోని, నా చేతి మజ్జిగ తాగి, ఏమన్నావో తలుచుకో. నెలకింత కంతు అన్నావు. బాడుగ అనలే. బాడుగింటికి ఎవరన్నా పేరు కొట్టించుకుంటారా? నేనేమన్నా పిచ్చిదాన్నా? ఇచ్చేటప్పుడు కంతు, ఎత్తుకపోయేటప్పుడు బాడుగ. నీ నోట్లో నాలుకలెన్నుండాయి పాపా?"

కంతు అనే మాటకు ఒక చివర ఉంది. బాడుగ అనే మాటకు చివర లేదు. కంతు కట్టేవాడు ఒక ఊరికి నడుస్తున్నాడు. బాడుగ కట్టేవాడు గానుగ చుట్టూ నడుస్తున్నాడు. ఈ తేడా నాగభూషణానికి బాగా తెలుసు. అందుకే, ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఆయన యశోదకు నేర్పిన పాఠం ఒక్కటే: "కాగితం మీద బాడుగ అనే ఉంటాది. నోట్లో మాత్రం కంతు అను. బాడుగంటే జనం బెదురుతారు." ఆమె అలాగే అన్నది. మడకశిరలో అన్నది, లేపాక్షిలో అన్నది, ఈ గడప మీద కూడా అన్నది.

చివరి దాకా కట్టినవాళ్లు లేకపోలేదు. కాని వాళ్లు కట్టిన మొత్తంతో హిందూపురం బజారులో అటువంటివి రెండు కొనవచ్చునని లెక్క వేసి చూసుకున్నవాళ్లు తక్కువ. మధ్యలో రెండు నెలలు తప్పితే వస్తువు వెనక్కి వెళుతుంది. కట్టిన డబ్బు వెనక్కి రాదు. వెళ్లిన వస్తువును తుడుస్తారు, రంగు పూస్తారు, పసుపుపచ్చ స్టిక్కరు ఒకటి అంటిస్తారు, మరొక ఇంటి గడప దాటిస్తారు. ఆ ఇంటివాళ్లు మళ్లీ మొదటి నెల నుంచి మొదలుపెడతారు. స్టిక్కరు ఉన్నదంటే ఆ వస్తువు ఇంతకుముందే ఎవరింట్లోనో బతికి వచ్చిందని అర్థం. ఇది దుకాణంలో పనిచేసేవాళ్లకు తెలుసు. కొనుక్కున్నామనుకునేవాళ్లకు తెలియదు.

"మూఢం వచ్చె" అన్నది కుళ్ళాయమ్మ. ఇప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. "రెండు నెలలు పెండ్లిండ్లు ల్యా, పేరంటాలు ల్యా. పూలెవరు కొంటారు? దండలెవరు కట్టిస్తారు? మూఢం పోతానే రెండు నెల్లదీ కలిపి కడతానని మీ సారుకు ఫోన్ చేసి చెప్పినా. బాడుగకు మూఢం లేదమ్మా అన్నాడు."

సునీల్ మళ్లీ నవ్వబోయి మానుకున్నాడు.

"మూఢం మొన్న పోయింది. రేపు పొద్దన్నే సోమందేపల్లిలో పెండ్లి. దండలు, జడలు, మంటపానికి తోరణాలు, అన్నీ నావే. దుడ్లు ముందే తీసుకొని మొగ్గలు తెచ్చినా. మాపటికి నువ్వు దీన్ని ఎత్తుకపోతే రేప్పొద్దుటికి ఇవన్నీ విచ్చుకొని నల్లబడిపోతాయి. ఆ పెండ్లికూతురి మెడలో ఏమెయ్యల్ల నేను? మల్లా నన్నెవరు పిలుస్తారు?" ఆమె బుట్ట మీద తడిగుడ్డ కప్పింది. "దీనికి నేను కట్టిన పూలు పరిచినామంటే ఈడ్నించి ఆ కొండ పైకి పోయి, దిగి, మల్లా ఎక్కచ్చు. అయినా ఇది నాది కాదంటావు."

తరువాత, ఫ్రిజ్ వైపు చూడకుండా, వేరే ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు అన్నది: "రాత్రిపూట అది గుర్రుమంటాంటే పక్కన ఎవురో ఉన్నట్టుంటాది. ఈ ఇంట్లో నాతో పాటు శబ్దం చేసేది అదొక్కటే."

యశోద తల వంచుకున్నది. హిందూపురంలో మిద్దె మీద ఆమెకు ఒక గది ఉంది. ఆ గదిలో ఏ శబ్దమూ లేదు. సాయంత్రం తాళం తీసేటప్పుడు తాళంచెవి చేసే చప్పుడు, పొద్దున తాళం వేసేటప్పుడు అదే చప్పుడు. ఆ రెంటి నడుమ ఆమె నోట ఒక మాట పుట్టదు, ఆమె చెవిన ఒక మాట పడదు. నాలుగేళ్లుగా అంతే.

"తేల్చక్కా" అన్నాడు సునీల్. "ఎక్కిద్దామా, వద్దా? ఎండకు టైర్లు కాలిపోతాండాయి."

యశోద వంచుకున్న తల వంచుకున్నట్టే ఉంది. కళ్లు రేకు మీది అక్షరాల దగ్గర ఆగి ఉన్నాయి. ‘కుళ్ళాయమ్మ’ అనే పేరు దాటి, ‘పెనుకొండ’ అనే ఊరిపేరులోని సున్నా దగ్గర ఆగి ఉన్నాయి.

అది సున్నా కాదు. గుండ్రంగా తిప్పిన చుక్కల వరుస కాదు. నాలుగే చుక్కలు. పైన ఒకటి, కింద ఒకటి, అటూ ఇటూ చెరొకటి. నడుమ ఖాళీ. పట్టుచీర ఒంటి మీద అక్కడక్కడా మెరిసే చిన్న బుట్టా.

పేర్లు కొట్టేవాళ్లు ఊరికి నలుగురుంటారు. సున్నా వచ్చిన చోటల్లా బుట్టా వేసేవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన ధర్మవరంలో ఉంటాడు. పేరు దేవప్ప. యశోదకు తండ్రి. నాలుగేళ్లుగా ఆమె ఆయనతో మాట్లాడలేదు.

దేవప్ప చేతులు మొదట మగ్గం చేతులు. షావుకారు ఇచ్చిన పట్టుతో షావుకారు చెప్పిన చీర నేయడం, కూలి తీసుకోవడం, చీరను మడిచి ఇచ్చివేయడం, ఇంతే ఆయన బతుకు. ఆ ఇంట్లో పుట్టిన ఏ చీరా ఆ ఇంట్లో నిలవలేదు. చిన్నతనంలో యశోద మగ్గం మీది కొంగును నిమిరితే, తల్లి చౌడక్క ఆ చిట్టిచేతిని మెల్లగా తీసి, "మనది కాదు పాపా" అనేది. ఎర్రని కొంగు మనది కాదు. పచ్చని అంచు మనది కాదు. జరీ మెరుపు మనది కాదు. మగ్గం గుంట, కండెల బుట్ట, దీపం, ఇవి మనవి.

నడుము సహకరించక దేవప్ప మగ్గం దిగాడు. పేర్లు కొట్టే చిన్న మిషన్ కొనుక్కుని స్టీలు సామాన్ల అంగడి ముందు కూర్చున్నాడు. అక్షరాలనూ ఆయన గళ్ల కాగితం మీది డిజైను లాగే చూశాడు. చేతికి అలవాటైన బుట్టాను వదులుకోలేక, దాన్ని సున్నాలో దాచుకున్నాడు.

చౌడక్క జబ్బుపడిన ఏడాది ఆ ఇంటికి ఒక తెల్లని ఫ్రిజ్ వచ్చింది. "ఇది మాత్రం మనదే. నీదే" అన్నాడు దేవప్ప భార్యతో. పక్క రేకు మీద ఆమె పేరు కొట్టాడు. జబ్బుతో నాలుక ఎండిపోయే ఆ మనిషికి చెంచాతో చల్లని నీళ్లు పోస్తే కళ్లు మూసుకునేది. మంచం ఫ్రిజ్ పక్కకు జరిపించుకుని, పడుకున్న చోటి నుంచే చేయి చాపి, ఆ చుక్కలను తడుముకునేది. బతుకంతా ‘మనది కాదు’ అన్న మనిషి, పోయేముందు ‘నాది’ అనుకున్నది ఆ ఒక్కదాన్నే.

కర్మలు ముగిసిన వారంలో యశోద ఒకరోజు బయటికి వెళ్లి వచ్చింది. ఫ్రిజ్ ఉన్నచోట గోడ మీద చదరపు మరక ఉంది.

"యాడికి పోయింది నాయనా?"

"పోయింది పాపా."

"అమ్మినావా?"

మాట లేదు. ఆ రోజుల్లో సాయంత్రమైతే ఆయన నోట సారా వాసన.

"తాగేదానికి అమ్ముకున్నావా?"

దానికీ మాట లేదు. ఆ మౌనాన్ని యశోద ఒప్పుకోలుగా తీసుకున్నది. వీధిలో ఎవరో హిందూపురంలో ఒక దుకాణంలో ఆడపిల్లలకు పని ఉందంటే రైలెక్కింది. నాగభూషణం ఆమెను ఏమి చదివావని అడగలేదు, ఏమి పని వచ్చునని అడగలేదు. ఎవరి కూతురివని అడిగి, రేపటి నుంచి రమ్మన్నాడు. ఆమె ఫోన్ నంబరు మార్చుకుంది. కొత్త నంబరు ధర్మవరంలో ఎవరికీ ఇవ్వలేదు.

"అక్కా" అన్నది యశోద. "ఈ పేరు ఎవరు కొట్టినారు?"

"ఎవురో ధర్మవరం ఆయప్ప. సంచిలో మిషనేసుకొని రైల్లో వస్తాడు. సంక్రాంతికి ముందర వచ్చినాడు, వీధిలో కేకేసుకుంటా. నేనే పిలిచినా." కుళ్ళాయమ్మ ఆమె ముఖంలో మార్పు గమనించి, బుట్టను పక్కకు జరిపి, గోడకు ఆనుకుని కూర్చున్నది. "విచిత్రమైన మనిషిలే. ఇంట్లోకొచ్చినాడా, దీన్ని చూసినాడా, ఇంక కదల్లే. తలుపు పిడి దగ్గర సొట్ట ఉండాది చూడు, ఆ సొట్టను వేలితో తడిమినాడు. ఎండకు కళ్లు తిరిగినాయేమో అనుకొని దీంట్లోవే చల్లని నీళ్లిచ్చినా. తాగలే. చెంబు చేతిలో పెట్టుకొని కూచున్నాడు."

యశోద చూపు తలుపు పిడి మీదికి పోయింది. చిటికెన వేలంత సొట్ట. ఆ సొట్ట ఆమెకు తెలుసు. తల్లి మంచాన్ని జరిపినప్పుడు మంచం కోడు తగిలి పడిన సొట్ట. నెలనెలా ఈ ఇంటికి వచ్చి, ఈ ఫ్రిజ్ ముందే కూర్చుని, మజ్జిగ తాగి, డబ్బు తీసుకుని వెళ్లింది. ఒక్కసారీ చూడలేదు.

"తర్వాత?"

"‘ఎవరిదమ్మా ఇది’ అన్నాడు. నాదే అంటి. ‘బాడుగదా, కంతుదా’ అన్నాడు. కంతుది అంటి. నవ్వినాడు. ఏడ్చినట్టుండె ఆ నవ్వు. ‘దీని మీద పేరు కొట్టించుకోవద్దమ్మా, వాళ్లకు సాకు దొరుకుతాది, ఎత్తుకపోతారు’ అని చెప్పినాడు. నేను వింటినా? నా ఇంట్లో సామానుకు నా పేరు కొట్టనీకి నీకేమి నొప్పి అని కసురుకుంటి. సరేలేమ్మా అని మిషన్ తీసినాడు. తీసి అడిగినాడు, డబ్బులకు ఎవరొస్తారని. యశోద అని ఒక పాప వస్తాది, నీ ఊరి పిల్లే అంటి."

"ఏమన్నాడు?"

"ఏమనలే. ఆనెంక ఈ స్టిక్కరు కిందనే నా పేరు కొట్టినాడు. పైసా తీసుకోలే. గడప దిగుతా వెనక్కి తిరిగి ఒక మాటన్నాడు. ‘దీన్ని ఎత్తుకపోనీకి ఆ పాపే వస్తే, ఎక్కించేముందు ఆ స్టిక్కరు పీకి చూడమను. ఆ పాప కాక వేరే ఎవరొచ్చినా చెప్పద్దు.’" కుళ్ళాయమ్మ ఆగి, మెల్లగా అడిగింది: "నీకు తెలిసిన మనిషా పాపా?"

యశోద మోకాళ్ల మీద కూర్చున్నది. పూలమూట మీది తడిగుడ్డ తీసుకుని స్టిక్కరు మీద ఒత్తిపట్టింది. పసుపు కాగితం నానింది. అంచును గోటితో ఎత్తింది. ‘ఆస్తి’ అన్న మాట మొదట చిరిగింది. తరువాత ‘వారి’. తరువాత ‘సిరిసొంతం’. కింద కొత్తగా పూసిన తెల్లరంగు పెచ్చులుగా లేచి వచ్చింది. ఎవరో ఆకురాయితో అరగదీశారు. అక్షరాలు సగం పోయాయి. కాని లోతుగా దిగిన చుక్కలు అరగదీతకు పోలేదు, రంగుకు పూడలేదు. తుప్పు పట్టి, ఎర్రగా, మంకెనపూల రంగులో, ఒక్కొక్కటే బయటికి వచ్చాయి.

చౌడక్క, ధర్మవరం.

చివరి సున్నా చెక్కుచెదరలేదు. నాలుగు చుక్కల బుట్టా.

అమ్మలేదు. తాగుడుకు పోగొట్టలేదు. బాడుగ తప్పిందని సిరిసొంతం వాళ్లే ఎత్తుకుపోయారు. ఆ మాట చెప్పాలంటే మరొక మాట కూడా చెప్పాలి: మీ అమ్మ తడుముకుంటూ పోయిన ఆ పేరు ఉత్తదే పాపా, అది మనది కాదు, అదీ మనది కాదు. ఆ రెండో మాట నోట రాక, తాగుబోతు అనిపించుకోవడమే మేలనుకుని, దేవప్ప ఊరకున్నాడు.

ఆమె జేబులోని ఫోన్ మోగింది. వీడియో కాల్. నాగభూషణం.

"ఏమమ్మా, ఎక్కించినారా?" తెరమీద ఆయన ముఖం, వెనుక దుకాణంలో వరుసగా నిలబెట్టిన ఫ్రిజ్‌లు. "సునీల్ మెసేజి పెట్టినాడు, రేకు మీద ఏదో పేరు కొట్టించిందంటనే ఆయమ్మ? మంచిదేలే. డ్యామేజీ కింద మొత్తం ధర రాయించి వేలిముద్ర తీసుకో. ఫ్రిజ్ కూడా ఎక్కించు. ఏదీ, ఆ పేరు నాకు చూపించు."

సునీల్ కాలితో నేలను రాస్తూ వాకిట్లోకి వెళ్లిపోయాడు.

"ధర కడితే ఫ్రిజ్ ఆయమ్మకే ఉండల్ల కదా సార్?"

"డ్యామేజీ వేరే, సామాను వేరే. ఎన్నిసార్లు చెప్పల్ల నీకు? చూపించు."

యశోద ఫోన్‌ను తిప్పి, రేకు దగ్గరగా పట్టింది.

"కిందిది కాదు సార్. పైది చదవండి."

దుకాణంలో ఎవరో టీవీ పెట్టారు. ఆ పాట ఇంత దూరం వినిపించింది. పాట ఆగింది. నాగభూషణం తెర దగ్గరికి వంగి చదివాడు. ఆమె ఎదురుచూసిన కోపం ఆ గొంతులో లేదు. అలసట ఉంది. అది కోపం కన్నా ఎక్కువగా భయపెట్టింది.

"చూసినావా. యానాడో ఒకనాడు చూస్తావనుకుంటి."

"మా నాయన దగ్గర కూడా డ్యామేజీ రాయించుకున్నారా సార్?"

"రాయించుకోక? రూలు అందరికీ ఒకటే."

"కట్టినాడా?"

"ఆయన దగ్గర దుడ్లు యాడుండాయమ్మా? పెండ్లాం చచ్చి పదైదు రోజులు కాలేదు." నాగభూషణం గొంతు సవరించుకున్నాడు. "నిన్ను నేను ఎందుకు పనిలో పెట్టుకున్నాననుకున్నావు? నీ మొగం చూసి అనుకున్నావా? నెలనెలా నీ జీతంలో డిపాజిట్టని పట్టుకుంటాండేది దేనికనుకున్నావు?"

ఉద్యోగం మానేసే రోజున మొత్తం ఇస్తారని చెప్పిన డిపాజిట్టు. నాలుగేళ్ల డిపాజిట్టు. తల్లి ఫ్రిజ్‌కు ఒక చేత్తో కుళ్ళాయమ్మ దగ్గర బాడుగ తీసుకుంటూ, మరొక చేత్తో దాని మీద నాయన పడ్డ డ్యామేజీ బాకీని తానే కడుతూ వచ్చిందా?

"ఎవరు ఒప్పుకున్నారు సార్ దానికి?"

"అది మీ నాయన్ను అడుగు" అన్నాడు ఆయన. "మాట్లాడితే కదా నువ్వు."

తెర నల్లబడింది.

ఇంట్లో మళ్లీ ఆ నిశ్శబ్దం. కుళ్ళాయమ్మ అన్నీ విన్నది. లేచి, తడిగుడ్డ నీళ్లలో ముంచి, పిండి, యశోద చేతిలో పెట్టింది. చేతులు తుడుచుకోమనో, ముఖం తుడుచుకోమనో, చెప్పలేదు.

యశోద ముఖం తుడుచుకుంది. గుడ్డకు మల్లెల వాసన.

"సునీల్" అని పిలిచింది. "దీన్ని మల్లా గోడకు జరుపు. పేర్లు బయటికి కనపడేటట్ల జరుపు."

"అక్కా, సారు..."

"సారుకు నేను చెప్తా."

"నాకు టెంపో బాడుగ ఎవరిస్తారు?"

ఆ మాట అన్నాక దాని అర్థం వాడికే తగిలినట్టుంది. నాలుక కరుచుకున్నాడు.

"నేనిస్తాలే. అది ఒక్కసారి ఇస్తే అయిపోతాది" అన్నది యశోద.

సునీల్ ఫ్రిజ్‌ను జరిపాడు. తెల్లని రేకు మీద రెండు పేర్లు, ఒకటి తుప్పుతో ఎర్రగా, ఒకటి కొత్త లోహంలా మెరుస్తూ, ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. ఇద్దరు ఆడవాళ్లు వాకిట్లో కూర్చుని వీధిలోకి చూస్తున్నట్టుంది. యశోద వంగి ప్లగ్గు పెట్టింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తరువాత పెట్టె లోపల ఏదో చిన్నగా దగ్గి, గుర్రుమనడం మొదలుపెట్టింది.

కుళ్ళాయమ్మ మూటలను ఒక్కొక్కటే లోపల సర్దింది. మొగ్గలు ముందు. మరువం వెనుక. రేపు సోమందేపల్లి పెళ్లికూతురి మెడలోకి దండ పోతుంది. ఎల్లుండి ఏమవుతుందో ఆ ఇద్దరిలో ఎవరూ అనలేదు.

టెంపో ఖాళీగా హిందూపురం దారి పట్టింది. స్టేషన్ వైపు నుంచి ధర్మవరం పోయే రైలు కూత వినిపించింది. పెనుకొండ ఆ రెండు ఊళ్ల నడుమ ఉంది. ఇటు వెళితే దుకాణం, అటు వెళితే ఇల్లు. నాలుగేళ్లుగా ఆమె ఇక్కడి దాకా వచ్చి ఇటే తిరిగింది.

యశోద గడప మీద కూర్చుని ఫోన్ తీసింది. ఆ నంబరును ఆమె ఎక్కడా రాసిపెట్టుకోలేదు, మరచిపోనూ లేదు. అంగడి ముందు అట్టముక్క మీద ‘ఇచ్చట పేర్లు కొట్టబడును’ అని రాసి, కింద ఆ నంబరు వేసి ఇచ్చింది తానే. ఒక్కొక్క అంకె నొక్కింది.

మోగింది. మోగుతూనే ఉంది. పెట్టేద్దామనుకునేలోగా అవతల ఎవరో ఎత్తారు. మొదట మనిషి గొంతు వినిపించలేదు. జర్రుమని స్టీలు మీద నడిచే సూది చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆగింది. కొత్త నంబరు కదా, ఎవరో గిరాకీ అనుకున్నాడు. ముసలితనం తగిలిన గొంతు, మర్యాదగా, దూరంగా, తెలియని మనిషిని అడిగినట్టు అడిగింది:

"చెప్పండమ్మా. ఎవరి పేరు కొట్టల్ల?"